బండి సందేహాలు: లాక్ పోయిందా, క్లిప్పు ఊడిందా?

ప్రశ్న: పదేళ్ల నాటి కారు. రిమోట్ నొక్కితే మూడు తలుపులు లాక్ పడుతున్నాయి. ఎడమవైపు వెనక తలుపులో మాత్రం గుర్రుమని చప్పుడు వస్తుంది గానీ బుడిపె కిందికి దిగదు. షెడ్డులో లాక్ మొత్తం మార్చాలంటున్నారు. ఇంట్లో మేమే చూసుకోవచ్చా? (భీమవరం)

జవాబు: చూసుకోవచ్చండి. చప్పుడు వస్తోందంటే కరెంటు అందుతోంది, మోటారు తిరుగుతోంది. కాబట్టి ఫ్యూజు, రిమోట్, వైర్ల జోలికి వెళ్లక్కర్లేదు. బుడిపెని వేలితో నొక్కి చూడండి. తేలిగ్గా దిగి, తలుపు లాక్ పడితే లాచ్ (తలుపుని పట్టి ఉంచే కొక్కెం) కూడా బాగున్నట్టే. ఇక మిగిలినవి రెండే: మోటారునీ లాచ్‌నీ కలిపే రాడ్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉండాలి, లేదా మోటారు డబ్బాలో నైలాన్ పళ్లచక్రం అరిగి ఉండాలి. ఏదో తేల్చకుండా లాక్ మొత్తం కొనేయకండి.

ముందుగా అద్దం పూర్తిగా పైకి ఎత్తండి. లేకపోతే లోపల చెయ్యి పట్టదు. ఆ తర్వాత పదో నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ముందు తలుపు విప్పేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఆ తలుపులోనే ఉంటుంది.

డోర్ ప్యాడ్ (తలుపుకి లోపలివైపు ఉండే పలక) స్క్రూలు ఎక్కువగా లోపలి హ్యాండిల్ గుంటలోనూ, చెయ్యి ఆనించే చోట చిన్న మూత కిందా దాక్కుంటాయి. అద్దం చేత్తో తిప్పే రకమైతే ఆ హ్యాండిల్ వెనక ఇనుప క్లిప్పు ఉంటుంది. దానికీ ప్యాడ్‌కీ మధ్య పాత గుడ్డ దూర్చి, బూట్లు తుడిచినట్టు అటూ ఇటూ లాగితే క్లిప్పు ఎగిరి పడుతుంది. కింద దుప్పటి పరుచుకోండి, లేకపోతే ఇసుకలో వెతుక్కోవాల్సిందే. ఇక ప్యాడ్ అంచు వెంట ప్లాస్టిక్ గుండీలు. వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీతో గుండీ పక్కనే ఎత్తాలి. దూరంగా పట్టి లాగితే ప్యాడే చిరుగుతుంది. పాత గుండీలు రెండు మూడు విరగడం మామూలే, ముందే అరడజను కొని ఉంచుకోండి. గుండీలన్నీ వదిలాక ప్యాడ్‌ని పైకి ఎత్తితే వస్తుంది. వెంటనే లాగేయకండి, వెనక వైర్లూ, హ్యాండిల్ కేబులూ తగిలి ఉంటాయి.

దాని వెనక నల్లటి జిగురుతో అతికించిన పాలిథిన్ షీటు ఉంటుంది. చాలామంది దాన్ని చింపి పారేస్తారు, అదే పెద్ద తప్పు. వాన నీరు అద్దం పక్కనుంచి తలుపులోకి దిగడం సహజం, అది అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. షీటు లేకపోతే ఆ నీరు కారులోకి వచ్చి కార్పెట్ తడుస్తుంది. మెల్లగా ఒక మూలనుంచి ఒలుచుకు రండి, పని అయ్యాక అదే జిగురు మీద నొక్కి అతికించండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, లోపలి రేకు అంచులు బ్లేడుల్లా ఉంటాయి.

టార్చి వేసి చూస్తే తేలిపోతుంది. రాడ్ కొస దాని రంధ్రంలోంచి బయటపడి వేలాడుతుంటే క్లిప్పే. కొత్తది పెట్టేటప్పుడు, క్లిప్పు ముందు రంధ్రంలో కూర్చోవాలి, ఆ తర్వాత రాడ్ దూర్చి, చివరగా క్లిప్పు రెక్కని రాడ్ మీదికి తిప్పాలి. వరస తప్పితే టక్కున విరుగుతుంది. రాడ్ బాగానే ఉంటే మోటారు. విడిగా చిన్న డబ్బాలా స్క్రూలతో బిగించిన రకమైతే ఆ డబ్బా ఒక్కటే మార్చవచ్చు. రెండు వైర్లదా, ఐదు వైర్లదా చూసుకుని కొనండి. వెనక తలుపుకి మామూలుగా రెండు వైర్లదే. లాచ్‌లోనే కలిసిపోయిన రకమైతే తలుపు అంచున ఉన్న మూడు స్క్రూలు తీసి లాచ్ మొత్తం మార్చాలి. అప్పుడు మీ షెడ్డు వాళ్లు చెప్పింది నిజమే.

ప్యాడ్ బిగించే ముందు ఒక పరీక్ష. తలుపు తెరిచి ఉంచే, బ్యాటరీ తగిలించి, లాచ్ నోటిని స్క్రూ డ్రైవర్‌తో రెండు క్లిక్కులు మూయండి. లోపలి హ్యాండిల్, బయటి హ్యాండిల్ ఒకదాని తర్వాత ఒకటి లాగి, ప్రతిసారీ లాచ్ వదులుతోందో లేదో చూడండి. రిమోట్ నొక్కితే లాక్ పడి, మళ్లీ వీడుతోందో కూడా చూడండి. రాడ్ ఎక్కడో తప్పు తగిలించి తలుపు మూసేశారా, ఇక అది తెరుచుకోదు, మూసి ఉన్న తలుపుకి ప్యాడ్ విప్పడం మహా కష్టం.

ప్రశ్న: వానలప్పటినుంచి డ్రైవర్ తలుపులో తాళం చెవి తిరగడం లేదు. కొబ్బరినూనె పోశాం. రెండు రోజులు బాగుండి మళ్లీ అంతే. (అమలాపురం)

జవాబు: కోనసీమలో కొబ్బరినూనె అన్నిటికీ మందే, ఇక్కడ మాత్రం కాదు. ధనుర్మాసం తెల్లవారుజామున సీసాలో పేరుకున్నట్టే తాళంలోనూ పేరుకుంటుంది, పైగా కాలవగట్టు దుమ్మంతా దానికి అంటుకుంటుంది. లోపలి చిన్న రేకులు స్ప్రింగుల మీద లేచి దిగాలి, జిడ్డులో అవి ఇరుక్కుపోతాయి. కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు కనెక్టర్లు శుభ్రం చేసే స్ప్రే) గొట్టాన్ని తాళం రంధ్రంలో పెట్టి కొట్టండి, చెవిని దూర్చి తీస్తూ గుడ్డతో తుడవండి. గుడ్డకి మురికి అంటడం ఆగేదాకా అలాగే చేసి, ఆరాక గ్రాఫైట్ పొడి చిటికెడు వేయండి. బలవంతంగా తిప్పకండి, చెవి లోపలే విరుగుతుంది.

ప్రశ్న: ఒక తలుపు లాక్ నుంచి చప్పుడే లేదు. కానీ తలుపు సగం తెరిచి రిమోట్ నొక్కితే ఒక్కోసారి పనిచేస్తుంది. (నరసాపురం)

జవాబు: తలుపు కదలికని బట్టి మారుతోందంటే వైరు తెగింది. తలుపుకీ బాడీకీ మధ్య హార్మోనియం తిత్తిలా ముడతలు పడ్డ రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపు తీసిన ప్రతిసారీ అందులో వైర్లు వంగుతాయి, ఏళ్లు గడిచాక తొడుగు లోపలే రాగి తెగుతుంది. పైకి వైరు బాగానే కనిపిస్తుంది. గొట్టాన్ని ఒక వైపు ఊడదీసి ఒక్కో వైరునీ మెల్లగా లాగండి, తెగినది రబ్బరులా సాగుతుంది. రెండంగుళాల కొత్త వైరు ముక్క మధ్యలో కలిపి, టంకం వేసి, ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకుని వైరుని పట్టేసేది) తొడగండి. ముడి మాత్రం వంగే చోట పడకూడదు, ఆర్నెల్లలో మళ్లీ తెగుతుంది. సముద్రం దగ్గరి బండి కాబట్టి కనెక్టర్‌లో పచ్చటి చిలుము ఉందేమో కూడా చూడండి. ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.

ప్రశ్న: వెనక తలుపు లోపలినుంచి తెరుచుకోదు, బయటినుంచి తెరుచుకుంటుంది. (పాలకొల్లు)

జవాబు: ఏదీ విప్పకండి. తలుపు తెరిచి, అంచున లాచ్ దగ్గర ఉన్న చిన్న మీట చూడండి. అది చైల్డ్ లాక్, పిల్లలు లోపలినుంచి తలుపు తెరవకుండా పెట్టింది. దాన్ని రెండోవైపుకి జరిపితే చాలు.