విజయవాడ వన్ టౌన్‌లో కొన్న గంధం తైలం వాసన ఈసారి నిలవడం లేదెందుకని అడిగినవారికి సమాధానం

పాత సీసా వాసన రెండు రోజులు నిలిచి, అదే డీలర్ ఇచ్చిన కొత్తది పూటకే పోతోందంటే, పెద్ద డబ్బాలోంచి చిన్న సీసాల్లోకి పోసేటప్పుడు డీఈపీ (డైఇథైల్ థాలేట్, తైలాన్ని పలచన చేయడానికి కలిపే వాసన లేని ద్రవం) కలిపి ఉండొచ్చు.

1. డీలర్ వాట్సాప్‌లో పెట్టే సర్టిఫికెట్ కంపెనీ డబ్బాకి, మీ సీసాకి కాదు. డబ్బా లేబుల్ ఫొటో, బ్యాచ్ నంబర్ అడగండి. నీళ్లు నమిలాడంటే అర్థమైపోతుంది.

2. అందరూ వదిలేసేది తూకం. రెండు సీసాలూ ఒకే గదిలో కాసేపు ఉంచండి (బెజవాడ ఎండలో బైక్ డిక్కీలోంచి తీసి వెంటనే కాదు). గాజు పిపెట్‌తో 10 మిల్లీలీటర్ల చొప్పున తీసి నగల కాటా మీద తూచండి. అసలు గంధం తైలం సుమారు 9.7 గ్రాములు, డీఈపీ 11.2. కొత్తది పాతదానికంటే స్పష్టంగా బరువెక్కితే కల్తీని అనుమానించాల్సిందే. తూకం సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు.

3. తేడా వస్తే ఆ సరుకు వాడకుండా వాపస్ చేయండి.