రెండడుగుల ట్యాంకులో ఏ చేపతో ఏ చేప? ముందు మీ నీళ్ళేవో చూడండి

మీరు అడిగింది ఇదీ: రెండడుగుల ట్యాంకు కొన్నారు, ఇంట్లో బోరు నీళ్ళు. గోల్డ్ ఫిష్ ఒక జత, ఏంజెల్ ఒక జత, గప్పీలు నాలుగు, చిన్న షార్కులు రెండు, అద్దం శుభ్రం చేయడానికి ఒక సక్కర్ ఇస్తామన్నారు షాపులో. ఇవన్నీ కలిసి ఉంటాయా?

ఉండవు. షాపు తొట్టెల్లో అన్నీ కలిసి తిరుగుతున్నాయి కదా అంటారేమో. అక్కడ ఏ చేపా వారం పది రోజులకు మించి నిలవదు, పైగా అన్నీ పిల్లలే. అంగుళంన్నర ఏంజెల్ ఎవరినీ ఏమీ చేయదు, దాని నోరు అంతే మరి. ఏ చేపతో ఏ చేప అని చూసేటప్పుడు ఇవాళ్టి సైజు కాదు, ఏడాది తర్వాతి సైజు చూడాలి.

ఆ లెక్కన మీ జాబితాలో ముందు తీసేయాల్సింది షార్కులు. వెండిరంగులో, వీపు నల్లగా, మూడంగుళాలు ఉండి అద్దం వెంట అటూ ఇటూ పరిగెత్తే ఆ చేప పేరుకే షార్క్. అది మెకాంగ్ నది వైపు పుట్టిన పంగాసియస్, మన బజారులో ఫంగస్ అని కిలోల్లో అమ్మే చేప. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో సాగు చేసేది దీన్నే. నదిలో మీటరు దాటి పెరుగుతుంది. రెండడుగుల గాజు పెట్టెలో అది సరిగా తిరగనైనా తిరగలేదు. చిన్న అలికిడికే బెదిరి అద్దానికి కొట్టుకుంటుంది, ముక్కు పుండు పడుతుంది. ఎకరాల చెరువులో పెంచే చేపను డ్రాయింగ్ రూం చేపగా అమ్మడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

సక్కర్ కూడా వద్దు. అది మిగతా చేపల మలం తింటుందనేది వట్టి మాట. చిన్నప్పుడు కాస్త పాచి గీరుతుంది, చెత్త మాత్రం బాగా వదులుతుంది. అడుగున్నర వరకూ పెరుగుతుంది. పెద్దదయ్యాక రాత్రిపూట గోల్డ్ ఫిష్, ఏంజెల్ లాంటి వెడల్పు చేపల ఒంటికి అతుక్కుని జిగురు పీలుస్తుంది. పొద్దున లేచేసరికి ఆ చేప పక్కన గుండ్రంగా తెల్లటి మచ్చ, పొలుసులు ఊడి కనిపిస్తాయి. దాన్ని భరించలేక జనం తీసుకెళ్ళి ఊరి చెరువులో వదిలేస్తున్నారు. మన చెరువుల్లో డెవిల్ ఫిష్ పడి వలలు చిరిగిపోతున్నాయని మత్స్యకారులు మొత్తుకునేది ఈ జాతి గురించే. దయచేసి ఏ చేపనూ చెరువులోనో కాలువలోనో వదలకండి. అద్దం మీద పాచికి ఒక స్క్రబ్బరు, రోజుకు ఆరేడు గంటలకు మించని లైటు చాలు.

గోల్డ్ ఫిష్‌కి 18 నుంచి 22 డిగ్రీల చల్లటి నీళ్ళు కావాలి, మిగతావాటికి 24 నుంచి 28. పైగా అది పొద్దస్తమానం తింటూ పొద్దస్తమానం విసర్జిస్తుంది. మే నెలలో ట్యాంకు నీళ్ళు 31, 32కి చేరతాయి, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ. ఆ వేడి దానికి పడదు. గుండ్రటి బౌల్‌లో గోల్డ్ ఫిష్ బొమ్మ వేసి అమ్మేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. ఒక్క గుండ్రటి ఒళ్ళున్న గోల్డ్ ఫిష్‌కే 70, 80 లీటర్లు కావాలి.

ఇక ఏంజెల్. ఏంజెల్, నీలం గీతతో మెరిసే చిన్న చేప నియాన్ టెట్రా రెండూ దక్షిణ అమెరికావే, రెండింటికీ లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్ళే, కాబట్టి మంచి జోడీ అని చాలాచోట్ల చెబుతారు. ఆరు నెలల వరకూ అది నిజమే. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడండి. రాత్రి లైటు తీసేశాక నియాన్ల రంగు వెలిసిపోతుంది, ఆ నీలం గీత బూడిదలా అయిపోయి అవి మొక్కల దగ్గర కదలకుండా ఆగిపోతాయి. తెల్లవారుజామున మసక వెలుతురు పడగానే ఏంజెల్ నిద్రలేస్తుంది, నియాన్లు ఇంకా మత్తులోనే ఉంటాయి. అది పరిగెత్తదు, తరమదు. రెక్కలు సన్నగా ఆడిస్తూ వాలుగా తల దించి ఒకదాని ముందుకు వచ్చి నిలబడుతుంది. ఒక్కసారి నోరు ముందుకు సాగుతుంది. ఒక్కోసారి తోక పెదవుల బయట కొట్టుకుంటూ అరనిమిషం కనిపిస్తుంది. ఏడు గంటలకు మీరు లైటు వేసేసరికి పది నియాన్లలో తొమ్మిదే ఉంటాయి. శవం దొరకదు. మూత తీసి ఉందేమో, దూకిందేమో అని సోఫా కింద వెతుకుతారు. నాలుగో రోజుకు ఎనిమిది. ఏంజెల్ కడుపు మాత్రం కాస్త ముందుకొచ్చి ఉంటుంది. ఇందులో దాని తప్పేమీ లేదు. నోట్లో పట్టేదంతా దానికి మేతే. ఏంజెల్ కావాలంటే ఒకటిన్నర అడుగు ఎత్తున్న ట్యాంకు ఉన్నప్పుడు తీసుకోండి.

మీకు మిగిలింది గప్పీలు. నిజానికి మీ బోరు నీళ్ళకు సరిపోయే చేప అదే. చేపతో చేప కలుస్తుందా అని అందరూ అడుగుతారు, చేప నీళ్ళతో కలుస్తుందా అని ఎవరూ అడగరు. ముందు నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొని ముంచి చూడండి. 400 దాటితే, చాలా బోర్లలో దాటుతుంది, గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ వైపు వెళ్ళండి. ఇవి ఉప్పదనం ఉన్న గట్టి నీళ్ళలో హాయిగా ఉంటాయి. 250 లోపల ఉంటే నియాన్లు, అడుగున తిరిగే మీసాల చేపలు కోరీలు, హనీ గౌరామీ. గట్టి నీళ్ళలో నియాన్లు వెంటనే చావవు, ఒకటొకటిగా పాలిపోయి తగ్గిపోతాయి, కారణం దొరకదు. అలాగని వట్టి ఆర్వో నీళ్ళు పోయకండి, అందులో ఖనిజాలు ఉండవు, పీహెచ్ నిలవదు. కావాలంటే బోరు నీళ్ళలో సగానికి సగం కలపొచ్చు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు పేరుకు 56 లీటర్లు. రాళ్ళూ పైన వదిలిన ఖాళీ పోను 45, 48 మిగులుతాయి. అందులో మగ గప్పీలు ఎనిమిది. అంతే. ఆడవి కలిపితే నెలకోసారి ఇరవై ముప్పై పిల్లలు. ఆడవి మాత్రమే తెచ్చినా లాభం లేదు, షాపులోనే కట్టి వచ్చి ఉంటాయి, ఒక్క జతకట్టుతో నెలల తరబడి ఈనుతూనే ఉంటాయి. పొట్ట కింద వెనకవైపు రెక్క చూడండి: విసనకర్రలా విచ్చుకుని ఉంటే ఆడది, సన్నటి పుల్లలా వెనక్కి వాలి ఉంటే మగది. ఆడవి కావాలనుకుంటే మాత్రం ఒక మగదానికి కనీసం రెండు మూడు ఉండాలి, లేకపోతే మగవి వెంటపడి వెంటపడి ఆ ఒక్కదాని ప్రాణం తీస్తాయి.

మున్సిపాలిటీ పైపు నీళ్ళ ఇల్లయి, టీడీఎస్ 250 లోపల ఉంటే ఎనిమిది నియాన్లు, అడుగున ఐదారు కోరీలు, పైన ఒక్క హనీ గౌరామీ. కోరీలకు అడుగున మెత్తటి ఇసుక ఉండాలి, రంగు గులకరాళ్ళ మీద మీసాలు అరిగిపోతాయి. గప్పీలతో ఫైటర్‌ని పెట్టకండి, ఊగే తోకను చూసి ఇంకో మగ ఫైటర్ అనుకుని చింపేస్తుంది. టైగర్ బార్బ్ అందరి రెక్కలూ కొరుకుతుంది, నాలుగే ఉంటే మరీ ఎక్కువ.

ఇప్పుడు అసలు చేపలు చచ్చేది ఎక్కడంటే, మొదటి నెలలో. పెట్టిన వారానికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి, మొప్పలు ఎర్రబడతాయి. గాలి చాలలేదనుకుని ఇంకో పంపు పెడతారు, నీళ్ళు మొత్తం మారుస్తారు, ఫిల్టరు స్పాంజిని కొళాయి కింద తెల్లగా ఉతుకుతారు. మర్నాటికి సగం పోతాయి. అది గాలి సమస్య కాదు, అమ్మోనియా. చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజిలో నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఉతికితే అదీ పోతుంది. పీహెచ్ 8 దగ్గరుండే బోరు నీళ్ళలో అదే అమ్మోనియా ఇంకా ఎక్కువ విషం.

అందుకే నీళ్ళు నింపి, ఫిల్టరు ఆన్ చేసి, చేపలు లేకుండా రోజూ చిటికెడు మేత వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. తెలిసినవాళ్ళ పాత ట్యాంకు స్పాంజి ఒక ముక్క దొరికితే ఈ గడువు బాగా తగ్గుతుంది, కాకపోతే ఆ ట్యాంకులో జబ్బు లేదని చూసుకోవాలి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక ముందు మూడు చేపలు, పది రోజులకు ఇంకో మూడు, ఆ తర్వాత మిగతావి. తెచ్చిన కవరును పావుగంట ట్యాంకులో తేల్చి, ఐదు నిమిషాలకోసారి అరకప్పు ట్యాంకు నీళ్ళు కవరులో పోస్తూ అరగంట గడిపి, చేపను వలతో తీసి వేయండి. కవరు నీళ్ళు మాత్రం సింకులో పారబోయండి, షాపు జబ్బులన్నీ అందులోనే ఉంటాయి.

వారానికోసారి పన్నెండు లీటర్లు తీసి కొత్తవి పోయండి. మున్సిపాలిటీ నీళ్ళయితే బకెట్లో ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి ఒక రోజు ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు కలపండి. స్పాంజిని ఆ తీసిన పాత నీళ్ళలోనే పిండండి. మేత రెండు నిమిషాల్లో అయిపోయేంత, రోజుకు ఒకసారి. హైదరాబాద్ డిసెంబరు రాత్రులకు 50 వాట్ల హీటరు పెట్టండి, కోస్తాలో చాలా ఇళ్ళలో అది అక్కర్లేదు. వేసవిలో కరెంటు పోయినప్పటి కోసం బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

షాపుకు వెళ్ళినప్పుడు ఏ తొట్టెలో ఒక్క చచ్చిన చేప తేలుతున్నా, ఏ చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నా, ఆ రోజు ఖాళీ చేతులతో తిరిగి రండి. చాలాచోట్ల తొట్టెలన్నింటికీ ఒకటే వల వాడతారు.