యూనిఫాం వేసుకోబోతున్న మా మేనకోడలికి

అమ్మలూ,

వచ్చే ఆదివారం జెండా కింద నిలబడి మన క్రైస్తవ సంఘం రక్షణ సైన్యంలో (సాల్వేషన్ ఆర్మీలో) సైనికురాలిగా, అంటే సభ్యురాలిగా, ప్రమాణం చేస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లుగా ఆ యూనిఫాం వేసుకుంటున్నదాన్ని కదా, నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు బట్టల సంగతి. తెల్ల చీరలు రెండైనా ఉండాలి. ఒక్కటే ఉంటే, అది ఉతుకులో పడ్డ రోజు "ఈ వారానికి మామూలు చీరతో వెళ్దాంలే" అనిపిస్తుంది. గంజి పల్చగా పెట్టు. ఉతికే ముందు బ్యాడ్జిలు, పిన్నులు తీసెయ్, తెల్ల బట్టకి తుప్పు మరక పడితే ఇక వదలదు. యూనిఫాం మీది 'ఎస్' అక్షరాల బ్యాడ్జిలు వంకర లేకుండా పెట్టుకో. ఇంగ్లీషులో 'సేవ్డ్ టు సర్వ్', మనల్ని రక్షించింది సేవ చేయడానికేనని వాటి అర్థం. నేనైతే కుచ్చిళ్లు పెట్టుకునేటప్పుడు, కొలస్సీ పత్రిక మూడో అధ్యాయంలో పౌలు ధరించుకోమన్నవి ఒక్కొక్కటే తలుచుకుంటాను: జాలి, దయ, వినయం, సాత్వికం, దీర్ఘశాంతం. చివరిదాని కోసం ఇప్పటికీ రోజూ ప్రార్థన చేస్తాను.

యూనిఫాం సంచిలో పెట్టుకెళ్లి హాల్లో మార్చుకునేవాళ్లు ఉన్నారు. నువ్వు ఇంటి దగ్గరే కట్టుకుని బస్సెక్కు. ఒకసారి ఆస్పత్రి వరండాలో ఒక ముసలాయన నన్ను నర్సు అనుకుని, "సిస్టరమ్మా, ఈ చీటీ ఎక్కడివ్వాలి?" అని అడిగాడు. నర్సును కానని చెప్పి నా దారిన వెళ్లిపోయాను. పదడుగులు వేశాక సిగ్గేసి వెనక్కొచ్చాను. అప్పటికే ఆయన జనంలో కలిసిపోయాడు. ఆ చీటీ పట్టుకున్న చెయ్యి ఇవాళ్టికీ గుర్తే. అప్పటినుంచి నా సంచిలో పెన్ను, చిల్లర, నీళ్ల సీసా ఉండాల్సిందే. ముక్కూ మొహం తెలియని మనిషి నీ బట్టలు చూసి అడిగాడంటే, సాయం చేస్తానని నువ్వు ముందే మాటిచ్చినట్టు లెక్క.

1882లో ఫ్రెడరిక్ టకర్ అనే ఇంగ్లీషు దొర బొంబాయిలో మన సైన్యం పని మొదలుపెట్టాడు. సర్కారు ఉద్యోగం వదిలేసుకున్నాడు. కాషాయం కట్టి, చెప్పుల్లేకుండా నడిచి, ఫకీర్ సింగ్ అని పిలిపించుకున్నాడు. జనానికి దగ్గరవ్వాలనే ఆయన ఆ బట్ట కట్టాడు.

బాపట్ల వైపు వెళ్తే ఇంకో సంగతి గుర్తుంచుకో. 1910లలో, కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన బ్రిటిష్‌వాళ్ల నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఉంచిన స్టువర్టుపురం సెటిల్‌మెంటును ప్రభుత్వం తరఫున నడిపింది మన సైన్యమే. బడి పెట్టారు, భూమి చూపించారు. హాజరు వేయించుకుని, చీటీ లేకుండా ఊరు దాటనివ్వనిది కూడా మనవాళ్లే. ఆ తాతల మనవలు నీ యూనిఫాం చూసి ముభావంగా ఉంటే నొచ్చుకోకు. వాళ్లతోపాటు కింద కూర్చుని చెప్పింది విను. ఆ రోజు నీతో తెచ్చుకున్న కరపత్రాలు సంచిలోనే ఉండిపోయినా ఫరవాలేదు.

మన సైన్యంలో బాప్తిస్మం ఇవ్వరు కదా, అదేదని బంధువులు అడుగుతారు. వాదన పెట్టుకోకు. తాగుడు, పొగాకు, జూదం జోలికి పోనని నువ్వు పెట్టే సంతకం ఎలా నిలబెట్టుకుంటావో వాళ్లే చూస్తారు.

పార్శిల్లో పిన్నుల పెట్టె, ఒక పెన్ను పంపుతున్నాను. శనివారం సాయంత్రానికి వచ్చేస్తాను. చీర నువ్వే కట్టుకో, బ్యాడ్జిలు మాత్రం నన్ను పెట్టనివ్వు.

మీ అత్తయ్య