బాట్ మిట్జ్వా ఖర్చుకు కాలేజీ నిధిని కదపవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. న్యూజెర్సీలో స్థిరపడ్డాం. మా వారు యూదులు. వచ్చే జూన్‌లో మా అమ్మాయికి 13 ఏళ్లు నిండుతాయి, బాట్ మిట్జ్వా (అమ్మాయి మత బాధ్యతలు స్వీకరించే వయసుకు వచ్చినప్పుడు యూదులు చేసే వేడుక) జరపాలి. శనివారం రాత్రి విందుకు ఒక బాంక్వెట్ హాలు వారు మనిషికి 110 డాలర్ల చొప్పున చెప్పారు. అతిథులు 120 మంది. ఫొటోగ్రాఫరు 5,000 డాలర్లు అడుగుతున్నారు. మా దగ్గర 15,000 డాలర్లు ఉన్నాయి. తక్కువైన మొత్తాన్ని అమ్మాయి కాలేజీ చదువు కోసం పన్ను రాయితీతో దాచే 529 ఖాతా నుంచి తీయవచ్చా?

జవాబు: తీయవద్దండి. చదువుకు కాని ఖర్చుకు తీస్తే, అందులో లాభం మేరకు ఆదాయపు పన్నుతో పాటు మరో 10 శాతం అదనపు పన్ను కూడా పడుతుంది. అంతకన్నా ముందు హాలు లెక్కను సరిచూసుకోవాలి. మనిషికి 110 అంటే 13,200 డాలర్లు మాత్రమే అనిపిస్తుంది కాని, దానిపై ఉదాహరణకు 22 శాతం సర్వీస్ ఛార్జీ, ఆ రెండింటి మీద న్యూజెర్సీ అమ్మకపు పన్ను 6.625 శాతం వేస్తే బిల్లు సుమారు 17,170 డాలర్లకు చేరుతుంది, అంటే మనిషికి 143. సర్వీస్ ఛార్జీ ఎంతో, దానికి పన్ను వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

రెండో సంగతి సమయం. జూన్‌లో న్యూజెర్సీలో సూర్యాస్తమయం ఎనిమిదిన్నర ప్రాంతంలో అవుతుంది. యూదుల వారాంతపు విశ్రాంతి దినమైన షబ్బాత్ ముగిసేది శనివారం చీకటి పడ్డాకే. అంతవరకు వాహనం ఎక్కరు గనుక, షబ్బాత్ పాటించే బంధువులు తొమ్మిది దాటాక గాని బయలుదేరలేరు, అప్పటికి పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది. శనివారం ఉదయం పవిత్ర గ్రంథమైన తోరా పఠనం కాగానే సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) సొంత హాలులోనే, ప్రార్థన తర్వాత అందరూ కలిసి తినే కిద్దుష్ భోజనం పెట్టడం నాకు అన్నివిధాలా మేలనిపిస్తుంది. అక్కడ అద్దె ఎంత, కోషర్ అనే యూదుల ఆహార నియమం ప్రకారం వంటవాళ్లను వాళ్లే నిర్ణయిస్తారా అన్నది ముందే అడగండి. ఆటపాటలు తప్పనిసరి అనుకుంటే ఆదివారం మధ్యాహ్నం, పిల్లల స్నేహితుల వరకే పెట్టుకోవచ్చు.

ఫొటోగ్రాఫరును మాట్లాడుకునే ముందు రబ్బీ (యూదుల మతగురువు) గారిని అడగవలసింది ఒకటుంది. చాలా సినగాగ్‌లలో షబ్బాత్ నాడు కెమెరా అనుమతించరు. అలాంటి చోట ఆ వారంలోనే మరో రోజు రిహార్సల్ పెట్టి, ఖాళీ ప్రార్థనా మందిరంలో ఫొటోలు తీయిస్తారు. తోరా చర్మపత్రాన్ని వేలితో తాకరు. చివర చిన్న చెయ్యి ఆకారం ఉన్న వెండి పుల్లతో అక్షరాల వెంట జరుపుతూ చదువుతారు. దాన్ని పట్టుకున్న మీ అమ్మాయి చెయ్యి, పక్కన నిలబడిన గుంటూరు అమ్మమ్మ గారు, ఆ ఒక్క ఫొటో కోసమే మీ అమ్మగారిని వారం ముందుగా రప్పించమంటాను. ఈ ఫొటోలకు రెండు మూడు గంటలు చాలు, కాబట్టి రోజంతటి ప్యాకేజీ కాకుండా గంటల లెక్కన ధర అడగండి. ఆల్బం ధర వేరేనా, ఎడిట్ చేసిన ఫైళ్లన్నీ మీకే ఇస్తారా, ఆయన రాలేకపోతే ఎవరు వస్తారు అన్నవి ఒప్పందంలో ఉండాలి.

కానుకల మీద భరోసా పెట్టుకుని అప్పు చేయకండి. హీబ్రూలో జీవం అనే మాటకు అక్షరాల విలువ 18 గనుక 18, 36, 180 డాలర్ల చొప్పున ఇవ్వడం యూదుల ఆనవాయితీ. ఆ సొమ్ము అమ్మాయిది. కొంత ఆమె ఎంచుకున్న దానానికి పోగా, మిగిలింది మీరు తీయాలనుకున్న ఆ 529 ఖాతాలోనే జమ చేయండి.