గుండె మీద పరిశోధనకు వెళ్తున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

గుండె శరీరధర్మశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరుతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. భయమూ తోడైంది, అందుకే తెల్లవారకముందే రాయడానికి కూర్చున్నాను.

గైడును ఎంచుకునే ముందు ఆయన దగ్గర చదివి వెళ్లినవాళ్లతో మాట్లాడు. గణాంకశాస్త్రం నేర్చుకో. ఏ రోజు ప్రయోగం ఆ రోజే పుస్తకంలో రాయి. ఇవి ఎవరైనా చెబుతారు.

నా రెండో ఏడాదిలో ఎలుక గుండెను వేరుచేసి, జర్మన్ శాస్త్రవేత్త లాంగెండార్ఫ్ 1895లో చూపిన పద్ధతిలో, మహాధమని గుండా రక్తానికి బదులు లవణాల ద్రావణం పంపుతూ ప్రయోగాలు చేసేదాన్ని. గాజు గొట్టానికి వేలాడుతూ ఆ గుండె తనంతట తాను కొట్టుకోవడం మొదటిసారి చూసినప్పుడు కళ్లు చెమర్చాయి. నీకూ చెమరుస్తాయి. మందు ఇవ్వని గుండెలన్నీ ఉదయం, ఇచ్చినవన్నీ మధ్యాహ్నం చేసేదాన్ని. మధ్యాహ్నపు గుండెలు నీరసంగా ముడుచుకునేవి. మందే బలహీనపరుస్తోందని తేల్చి, సదస్సులో చదివేశాను. ద్రావణం తెల్లగా మసకబారుతోందని ల్యాబు సహాయకుడు రెండుసార్లు చెప్పాడు. పని ఆపడం ఇష్టంలేక వినిపించుకోలేదు. సిలిండరు ఆదా చేద్దామని భోజనానికి వెళ్తూ, ద్రావణంలోకి బుడగలుగా పంపే ఆక్సిజన్ వాయువు కట్టేసేదాన్ని. అందులో కలిపి ఉండే 5 శాతం కార్బన్ డయాక్సైడు అందక ద్రావణంలో క్షారగుణం పెరిగి, కాల్షియం అడుగుకు దిగిపోయేది. కాల్షియం లేనిదే గుండె కండరం ముడుచుకోదు. నీరసం మందుది కాదు, నా సీసాది.

తెలిసిన రోజున ఎవరికీ చెప్పలేదు. స్కాలర్‌షిప్పు పోతుందని ఏడాదిన్నర దాచాను. ఈలోగా మరో ల్యాబులో ఒక అమ్మాయి నా ఫలితాన్ని నమ్మి అదే మందు మీద పని మొదలుపెట్టింది. ఏమీ తేలక చదువే మానేసింది. ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ నా కళ్లముందే ఉంటుంది.

కప్ప గుండె మీద బ్రిటిష్ వైద్యుడు సిడ్నీ రింగర్ 1882లో ప్రచురించిన పని నీకు పాఠంగా వస్తుంది. తాను వాడిన ఉప్పునీరు స్వేదనజలంతో చేసింది కాదని, లండన్ కుళాయి నీటితో చేసిందని ఆయనకు తర్వాత తెలిసింది. 1883లో అదే పత్రికలో ఆ మాట రాశాడు. స్వేదనజలంతో మళ్లీ చేస్తే గుండె నీరసించి ఆగిపోయింది. కుళాయి నీటిలోని కాల్షియమే దాన్ని నడిపించిందని అలా బయటపడింది. ఈ సంగతి నేను పరీక్షలో రాశాను, తల్లీ. నా తప్పుకు రెండేళ్ల ముందే రాశాను.

చిన్నప్పుడు గ్లాసు పగిలితే ముక్కలు మంచం కింద దాచేదానివి. అడిగితే ఏడ్చేదానివి. నా భయమంతా అక్కడే ఉంది. మందు ఇచ్చే గుండెలనూ ఇవ్వనివాటినీ చీటీలు వేసి కలిపి చెయ్యి. వాయువు బాగా పట్టించాకే, అన్నిటికంటే చివర కాల్షియం కలుపు. సహాయకుడు మాట్లాడితే చేతిలో పని ఆపి విను. వేళకు తిను, తిండి మానితే ఊరుకోను.

ఎప్పుడైనా సీసా మసకగా కనిపించి, ఎవరికి చెప్పాలో తెలియకపోతే, ముందు నాకు ఫోను చెయ్యి. ఎంత రాత్రయినా తీస్తాను. గైడుకు ఎలా చెప్పాలో ఇద్దరం కూర్చుని రాద్దాం.

నీ పెద్దమ్మ