పోర్ట్ బ్లెయిర్ నుంచి లేహ్: మ్యాపులో గీత వేరు, ప్రయాణం వేరు

ప్రశ్న: మేం పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు అధికారికంగా శ్రీ విజయపురం) ఉంటాం. అబ్బాయికి లేహ్‌లో ఉద్యోగం. రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంత? ఎన్ని గంటల్లో చేరతాం? దూరం మేమే లెక్కగట్టుకోవచ్చా?

జవాబు: తిన్నగా గీత గీస్తే సుమారు 2,940 కిలోమీటర్లు. లెక్క మీరే వేసుకోవచ్చు. లేహ్ అక్షాంశం 34.14, రేఖాంశం 77.55. పోర్ట్ బ్లెయిర్‌వి 11.64, 92.73. అక్షాంశాల తేడా 22.5ని 111తో గుణిస్తే 2,498. రేఖాంశాల తేడా 15.18ని 111తోనూ, సగటు అక్షాంశం (23 డిగ్రీలు) కొసైన్ 0.92తోనూ గుణిస్తే 1,550. ఈ రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీయండి. చాలామంది పొరపడేది నిమిషాల దగ్గర. 34 డిగ్రీల 8 నిమిషాలంటే 34.08 కాదు, 8ని 60తో భాగించాలి, 34.13 అవుతుంది.

గంటకు 830 కిలోమీటర్ల వేగం, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట వేసుకుంటే నాలుగు గంటలు. కానీ ఆ గీత నేపాల్, టిబెట్‌ల మీదుగా పోతుంది. విమానంలో గాలి పీడనం పడిపోతే వెంటనే 10,000 అడుగులకు దిగాలి. అక్కడ కొండలే అంతకంటే ఎత్తు. ప్రయాణికుల ఆక్సిజన్ మాస్కులు మామూలుగా పనిచేసేది ఓ పావుగంటే. పైగా నేరుగా విమానం లేదు. ఢిల్లీ మీదుగా వెళ్లాలి: ఢిల్లీ దాకా 2,480, అక్కడి నుంచి లేహ్‌కు 620, మొత్తం 3,100. పెరిగింది 160 కిలోమీటర్లే. గాల్లో ఉండేది దాదాపు ఐదు గంటలు. చలికాలంలో పడమటి గాలి ఎదురు కొడుతుంది కాబట్టి పోయేటప్పుడు ఇంకో పావుగంట పట్టినా పట్టవచ్చు.

అసలు సమయం పోయేది ఢిల్లీలో. లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. ఎండెక్కితే అది ఇంకా పలచబడుతుంది, లోయలో ఈదురుగాలి లేస్తుంది. నిండు బరువుతో పైకి లేవడం కష్టం. అందుకని విమానాలు ఎక్కువగా పొద్దున్నే నడుపుతారు. మీరు ఢిల్లీ చేరేసరికి ఆ రోజు లేహ్ విమానాలు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి. రాత్రి ఢిల్లీలోనే బస అనుకుని బయల్దేరండి.

రెండు టికెట్లు విడివిడిగా కొనకండి. ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా మిమ్మల్ని చేర్చే పూచీ విమాన సంస్థదే. ఢిల్లీలో ఏ టెర్మినల్‌లో దిగుతారో, ఏ టెర్మినల్‌లో ఎక్కాలో ముందే చూసుకోండి. వాతావరణం బాగోక లేహ్ విమానం రద్దు కావడం మామూలే. తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

ఇంకొకటి, దూరం కంటే ముఖ్యమైనది. సముద్రం ఒడ్డున ఉండేవారు ఒక్కసారిగా అంత ఎత్తుకు చేరుతున్నారు. దిగాక రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోండి. బీపీ, గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే టికెట్ కొనకముందే డాక్టర్‌ను అడగండి. ఆయాసం, ఆగని తలనొప్పి, తూలడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.