శిక్షణ కేంద్రాన్నే పెద్దది చేయాలా, ఊరూరా పెట్టాలా?

చేతిపని నేర్పే మీ కేంద్రాన్ని పెద్దది చేయాలా, అలాంటివే చిన్నవి ఊరూరా పెట్టాలా అని అడిగారు. ఊరూరా పెట్టడమే మంచిదని నా నమ్మకం. నేను పుట్టపాక వైపు మగ్గాల ఇంట్లో పుట్టాను కాబట్టి మా పని గురించే చెబుతాను.

ఇక్కత్ నేత, అంటే నూలుకు ముందే రంగుల డిజైను వేసుకుని నేసే పని, 20వ శతాబ్దం తొలినాళ్లలో చీరాల నుంచి పోచంపల్లికి వచ్చింది. తర్వాత పుట్టపాక, కొయ్యలగూడెం లాంటి ఊళ్లకు పాకింది. మా వైపు అది ఇల్లిల్లుగానే పెరిగింది. పని వచ్చిన కొడుకు వేరుపడితే, కొత్త ఇంట్లో ముందు గుంట మగ్గానికే చోటు చూసుకునేవాడు.

అయితే మగ్గం ఒక్కటే ఉంటే చాలదు. ఆసు పోయాలి, అంటే మేకుల మీద నూలు వరసగా పరుచుకోవాలి; రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో చిటికి కట్టాలి, రంగులు వేయాలి, నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టాలి. అసలు చిక్కు ఆసు దగ్గరే. మేకుల చుట్టూ పోగు తిప్పుతూ ఒక్క చీరకు కొన్ని వేలసార్లు చెయ్యి చాపాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. మా అమ్మకు రాత్రిపూట భుజం నొప్పితో నిద్ర పట్టేది కాదు. ఆసు పోసే మనిషి లేకపోతే కొత్త మగ్గం ఖాళీగా పడి ఉండేది. తల్లి పడే బాధ చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేట వాసి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం ఉన్న ఇంట్లో ఇప్పుడు ఆసు కోసం ఇంకొకరి చెయ్యి చూడాల్సిన పని లేదు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూశారా? ఎకరాల కొద్దీ పరుచుకున్న ఆ చెట్టులో తల్లి మాను ఏదో పోల్చుకోవడం కష్టం. నేలను అందుకున్న ఊడ సొంతంగా నీళ్లు తాగి, మానై, పైకొమ్మను మోస్తుంది. అందని ఊడ ఆ కొమ్మకే బరువు. 2018లో చెదల నుంచి ఆ చెట్టును కాపాడినప్పుడు మందు ఎక్కించి ఊరుకోలేదు, లేత ఊడలు నేలకు దిగేలా గొట్టాలు కూడా అమర్చారు.

మీ దగ్గర నేర్చుకుని వెళ్లి పని మొదలుపెట్టే ఇల్లు కూడా ఊడ లాంటిదే, సొంతంగా నిలబడితేనే మేలు. కాబట్టి మీ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో ముందు కనుక్కోండి. నూలు అప్పు దగ్గరా, రంగుల దగ్గరా, అమ్మకం దగ్గరా? మా వైపు చాలామంది అమ్మకం దగ్గరే ఆగి, మళ్లీ షావుకారు కింద కూలికి నేస్తారు. నేనైతే ఇంకో గది కట్టే డబ్బుతో రెండు మూడు ఇళ్లకు పూర్తి సరంజామా ఇప్పించి, ఏడాదిపాటు వాళ్ల సరుకు అమ్మిపెడతాను.